దీర్ఘవ్యాధిగ్రస్తుడైన కార్మికుడు రుజువు చేయవలసినది ఏమిటి?

యంత్రంలో పడి కార్మికుని బొటనవ్రేలు తెగిపోతే అతని సంపాదనా శక్తిలో 30 శాతం నశించినట్లు చట్టం లెక్క కడుతుంది. రెండు చేతులూ పోతే 100 శాతం. చట్టానికి జతపరచిన షెడ్యూలులో ఈ లెక్కలు వరుసగా ఉన్నవి. ఏ వ్రేలు, ఎన్ని కణుపులు, మోచేతికి పైనా, క్రిందా అన్న వివరాలతో సహా ఉన్నవి. ఈ షెడ్యూలును మనం తప్పుపట్టడం లేదు. అది కార్మికోద్యమం సాధించుకొన్నదే. కాని పదిహేనేండ్లు రాతి ధూళి పీల్చి, నాలుగు మెట్లు ఎక్కి కూలబడే కార్మికుని ఊపిరితిత్తులకు అందులో అంకె లేదు. వారానికి మూడు పర్యాయాలు డయాలిసిస్ యంత్రం ప్రక్కన పడుకొనే కార్మికుని మూత్రపిండాలకు లేదు. కీళ్ళవాతంతో ప్రతి ఉదయం వ్రేళ్ళు కొయ్యబారిపోయే కుట్టుపని కార్మికురాలికి లేదు. తెగిన వ్రేలును ఎవరైనా చూడగలరు. లోపల నశించినదానిని రోగి తానే రుజువు చేసుకోవలసి ఉన్నది.

ఆ రుజువు ఏ రీతిగా కోరబడుతున్నదో ముందు గ్రహించాలి. వ్యాధి ఉన్నదని చూపాలి. అది పనిచేసే శక్తిని ఇంతమేరకు హరించిందని చూపాలి. పరిహారం కోరేపక్షంలో, ఆ వ్యాధి చేసిన పని మూలంగానే వచ్చిందని కూడా చూపాలి. మొదటి దానికి కావలసిన కాగితం ఆసుపత్రి వద్ద ఉంటుంది. రెండవది వైద్య బోర్డు చేతిలో ఉంటుంది. మూడవది యజమాని బీరువాలో ఉంటుంది, లేదా అసలు ఎక్కడా ఉండదు. రోగి వద్ద ఉన్నది అతని దగ్గు, అతని నీరసం మాత్రమే. జబ్బు లేనివాడు కూడా అలసిపోయేటంతగా ఆఫీసుల చుట్టూ తిరగవలసిన ఈ పనిని తిరుగలేని మనిషికే అప్పగించారు. దరఖాస్తు వ్యవస్థలోని మూలలోపం ఇదేనని మా అభిప్రాయం. దీనిని సరిదిద్దే పనిలో ప్రభుత్వం వంతు కొంత, మన యూనియన్ల వంతు కొంత ఉన్నది.

ఇ.ఎస్.ఐ. చందా చెల్లించే కార్మికుని సంగతి తీసుకొందము. జబ్బుపడినప్పుడు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం చొప్పున అస్వస్థతా భత్యం లభిస్తుంది. క్షయ, క్యాన్సరు, పక్షవాతం వంటి 34 దీర్ఘవ్యాధులకు, రెండేండ్ల సర్వీసు, చందా షరతులు పూర్తిచేసినవారికి, 80 శాతం చొప్పున రెండేండ్ల వరకు పొడిగింపు ఉన్నది. ఈ పొడిగింపు విషయం తెలియక 91వ రోజుతోనే ఆశ వదలుకొని, సగం కోలుకొని పనిలోనికి పోయి మళ్ళీ పడిపోయేవారు ఉన్నారు. రోగి పేరు 34 వ్యాధుల జాబితాలోనికి వస్తుందా అని డాక్టరును అడగవలసిన బాధ్యత శాఖా కార్యదర్శిది. ఇది చిన్నపనిగా కనిపించవచ్చు. ఒక కుటుంబానికి ఇది రెండేండ్ల తిండి.

అయితే అస్వస్థతా భత్యం వేరు, అశక్తతా భత్యం వేరు. మొదటిది జబ్బుకు, రెండవది పని మూలంగా కలిగిన గాయానికి, వృత్తి వ్యాధికి. తాత్కాలిక అశక్తతకు వేతనంలో 90 శాతం లభిస్తుంది. శాశ్వత అశక్తతకు, సంపాదనా శక్తి ఎంత నశించిందని బోర్డు తేల్చితే ఆ నిష్పత్తిలో, జీవితాంతం లభిస్తుంది. సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్, నూలు ధూళి వలన వచ్చే బిసినోసిస్, సీసపు విషప్రభావం మొదలైనవి చట్టం గుర్తించిన వృత్తి వ్యాధులు. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి మూడవ షెడ్యూలులోనూ వృత్తి వ్యాధుల పట్టిక ఉన్నది. నిర్ణీత కాలం ఆ పనిలో ఉన్న కార్మికునికి ఆ వ్యాధి వస్తే, ఎదురు రుజువు లేనంతవరకు దానిని ఉద్యోగ గాయంగానే భావించాలన్నది ఇ.ఎస్.ఐ. చట్టం నాటినుండి వస్తున్న సూత్రం. అనగా ఇచ్చట చట్టం కార్మికుని పక్షాన నిలిచింది. కాని ఆ సూత్రం ఉపయోగపడాలంటే ముందు డాక్టరు చీటీపై వ్యాధి పేరు సరిగా పడాలి. సిలికోసిస్ రోగికి క్షయ అని వ్రాసి మందులిచ్చి పంపితే ఆ ఒక్క మాటతో అతని క్లెయిము అంతా కూలిపోతుంది. రెండు వ్యాధులూ ఎక్స్‌రేలో ఒకదానినొకటి పోలి ఉండవచ్చు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా సులభంగా సోకుతుంది. కనుక డాక్టరు తెలిసి చేసిన మోసమని ప్రతిసారీ అనలేము. కాని "ఏం పనిచేస్తావు, ఎన్నాళ్ళుగా?" అన్న రెండు ప్రశ్నలు అడగని డాక్టరు వ్యాధిని సగమే చూసినట్లు.

భవిష్యనిధి సభ్యులకు మరొక తలుపు ఉన్నది. చాలామంది దానిని తట్టనే తట్టరు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం ప్రకారం, సర్వీసులో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా అశక్తుడైన సభ్యునికి నెలవారీ పింఛను రావాలి. దీనికి పదేండ్ల సర్వీసు అక్కరలేదు. ఒక్క నెల చందా జమ అయినా చాలు. మరొక ముఖ్య విషయం: ఏ పనీ చేయలేని స్థితిని ఆ నిబంధన కోరడం లేదు. అశక్తత కలిగిననాటికి చేస్తున్న పనికి అతడు పనికిరాకుండా పోయాడా అన్నదే ప్రశ్న. బాయిలరు వద్ద పనిచేసిన మనిషి ఇంటివద్ద కూర్చుండి బీడీలకు దారం చుట్టగలడు గనుక అశక్తుడు కాడని ఎవరైనా వాదిస్తే, ఆ నిబంధన పాఠాన్ని వారి ముందు పెట్టాలి. లభించే పింఛను ఎంత అంటే, 2014 సెప్టెంబరులో నిర్ణయించిన కనీసపు మొత్తం 1,000 రూపాయలు. ఈ అంకెపై మన పత్రిక అనేక పర్యాయాలు వ్రాసి ఉన్నది గనుక ఇచ్చట విస్తరించడం లేదు.

ఇక వైకల్య ధ్రువపత్రం. ప్రభుత్వ పింఛనుకూ, బస్సు పాసుకూ, ఉద్యోగ రిజర్వేషనుకూ, ఆదాయపు పన్ను మినహాయింపుకూ అన్నిటికీ మూలం ఇదే. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చి, ఆ సంఖ్యను 21కి పెంచింది. హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తవ్యాధులు, పార్కిన్‌సన్, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి దీర్ఘకాలిక నాడీవ్యాధులు ఆ విధంగా చట్టంలోనికి వచ్చినవి. ఇది నిజంగా ముందడుగు. వ్యాధి కూడా వైకల్యం కాగలదని రాజ్యం మొదటిసారిగా అంగీకరించింది. కాని అంగీకరించిన చోటనే ఆగిపోయింది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఆ పట్టికలో లేదు. హృద్రోగం లేదు. సిలికోసిస్ లేదు. కీళ్ళవాతం ఉన్నవారు, వ్రేళ్ళు వంకరలు తిరిగి చలన వైకల్యం క్రిందకు వచ్చేదాకా ఆగవలసిందే. ఉద్యోగాలలో ఇచ్చే 4 శాతం రిజర్వేషను వద్ద మరొక విచిత్రం ఉన్నది: పట్టికలో చేరిన రక్తవ్యాధులకు, దీర్ఘకాలిక నాడీవ్యాధులకు అందులో వాటా ఇవ్వలేదు. ఇంటిలోనికి రమ్మని పిలిచి పీట వేయని మర్యాద ఇది.

మిగిలిన వ్యాధులను చేర్చడానికి పార్లమెంటు మళ్ళీ కూర్చోనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా ఇతర రకాలను చేర్చవచ్చునని ఆ చట్టం షెడ్యూలులోనే ఉన్నది. చేర్చకపోవడం న్యాయశాస్త్రపు చిక్కు కాదు. నిర్ణయం తీసుకోకపోవడం మాత్రమే. ఈలోగా ప్రభుత్వ పత్రాలలో వికలాంగులను 'దివ్యాంగులు' అని పిలవడం మొదలైంది. పేరు ఎంత గొప్పదైనా అది రోగిని బస్సు ఎక్కించదు.

పట్టికలో చోటు దొరికినవారికి శాతం దొరకాలి. 40 శాతానికి లోపు అయితే ధ్రువపత్రం చేతికి వచ్చినా ప్రయోజనాలలో అధికభాగం రావు. కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛనుకైతే 80 శాతం కావాలి. అంతటి వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవానికి 79 ఏండ్ల వరకు కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు.

ఈ శాతాన్ని ఎలా కొలుస్తారన్నది అన్నిటికంటె ముఖ్యమైన విషయం. ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టి, తేదీ కొరకు వేచి ఉండి, జిల్లా ఆసుపత్రికి వచ్చి, వరుసలో నిలబడి, చివరకు బోర్డు ఎదుట కూర్చునేది కొన్ని నిమిషాలు. ధ్రువపత్రం ఇవ్వడానికి ఉండిన ఒక నెల గడువును 2024లో సవరించిన నిబంధనలు మూడు నెలలకు పెంచినవి. చేయి లేనివానికి ఏ రోజున చూసినా చేయి లేదు. దీర్ఘవ్యాధి అటువంటిది కాదు. అది వచ్చి పోతూ ఉంటుంది. సికిల్ సెల్ రోగి మధ్య రోజులలో మామూలుగా నడచిపోతాడు, నొప్పుల దాడి వచ్చిననాడు మంచం దిగలేడు. కీళ్ళవాతం కలిగిన స్త్రీ ఉదయం జడ వేసుకోలేదు. బోర్డు కూర్చునే మధ్యాహ్నానికి పిడికిలి బిగించి చూపగలదు. డయాలిసిస్ అయిన మరునాడు వచ్చిన రోగి ముఖంలో కొంత తేటదనం ఉంటుంది. ఆ రోజును చూసి ఏడాదినంతటిని నిర్ణయిస్తారు.

దీనికి మన మర్యాద కూడా తోడవుతున్నది. "ఏమయ్యా, ఎట్లా ఉన్నది?" అని డాక్టరు అడిగితే, "పర్వాలేదండీ, మందులు వాడుతున్నానండీ" అనడం మనవారి అలవాటు. పెద్దవారి ఎదుట బాధ చెప్పుకొంటే బిచ్చమడిగినట్లుంటుందని అభిమానం. ఆ 'పర్వాలేదు' అన్న మాట కాగితంపైకి ఎక్కిన తరువాత దానిని చెరపడం మహా కష్టం. దరఖాస్తులోగాని, బోర్డు ఎదుటగాని కార్మికుడు చెప్పవలసినది తన పని భాషలో చెప్పాలి. ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తున్నది, ఎన్ని కిలోల బస్తా ఎత్తలేకపోతున్నాడు, గడచిన ఆరునెలలలో ఎన్ని నాగాలు పెట్టాడు, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరాడు, రాత్రి పడుకోగలుగుతున్నాడా, కూర్చునే నిద్రపోతున్నాడా? ఇది అతిశయోక్తి చెప్పడం కాదు. మంచి రోజును మాత్రమే చెప్పడం ఎంత అసత్యమో, చెడ్డ రోజులను దాచడం అంతే అసత్యం.

కేంద్ర చట్టం వదలివేసిన చోట కొన్ని రాష్ట్రాలు వేరు దారి త్రొక్కినవి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య బ్రతికే రైతుకూలీలను మూత్రపిండ వ్యాధి ఏండ్ల తరబడి కబళిస్తున్నది. దాని మూలకారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో పింఛనులను సవరించినపుడు వికలాంగులకు 6,000 రూపాయలు, డయాలిసిస్ రోగులకు, ముదిరిన మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి, తలసీమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియా రోగులకు 10,000 రూపాయలు, పూర్తిగా మంచాన పడినవారికి 15,000 రూపాయలుగా నిర్ణయించింది. తెలంగాణలో 2023లో వికలాంగుల పింఛను 4,016 రూపాయలు అయింది. ఉద్దానపు వ్యాధి వంటిదే శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరిరైతులలో వ్యాపించగా అక్కడి ప్రభుత్వం మూత్రపిండ రోగులకు నెలవారీ భత్యం ఇస్తున్నది. పాకిస్తానులో 1976 నాటి వృద్ధాప్య ప్రయోజన చట్టంలోనే, చందా చెల్లించిన కార్మికుడు అశక్తుడైతే పింఛను ఇచ్చే ఏర్పాటు ఉన్నది. చేయదలచుకొంటే మార్గాలు లేకపోలేదని చెప్పడానికే ఇవి ఉదాహరించాము. ఒక హెచ్చరిక కూడా అవసరం. సంక్షేమ పింఛను ప్రభుత్వం దయతలచి పెంచినది. ప్రభుత్వం తలచుకొంటే తగ్గగలదు. చందాపై ఆధారపడిన హక్కుకు ఉండే గట్టితనం దానికి లేదు. పైగా కార్మికుడు ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో జబ్బు తెచ్చుకొన్నపుడు దాని భారం ఎవరిది?

ఈ ప్రశ్నకు గోధ్రా కథ సమాధానం చెబుతున్నది. మధ్యప్రదేశ్ పడమటి జిల్లాల ఆదివాసీలు గుజరాత్‌లోని గోధ్రా ప్రాంతానికి వలసపోయి, పలుగురాయిని పిండిచేసే మిల్లులలో పనిచేశారు. కొద్ది నెలల పని కొందరి ఊపిరితిత్తులను రాయి చేసింది. ఇండ్లకు తిరిగి వచ్చి చనిపోయారు. మిల్లులు ఒక రాష్ట్రంలో, సమాధులు మరొక రాష్ట్రంలో. జాతీయ మానవ హక్కుల సంఘం 2010లో సిఫారసు చేసినను, 238 మంది మృతుల కుటుంబాలకు మూడేసి లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2016 మే నెలలో గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. ఈ 238 మందిలో ఒక్కరికీ బ్రతికి ఉండగా ఆ డబ్బు అందలేదు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఈ ధూళి వ్యాధులపై ప్రత్యేక విధానం ప్రకటించి, వ్యాధి నిర్ధారణ కాగానే రోగికి 3 లక్షలు, మరణానంతరం కుటుంబానికి 2 లక్షలు, నెలవారీ పింఛను ఏర్పాటు చేసింది. యజమాని పేరు రుజువు చేయలేని కార్మికునికి కూడా రోగి అయినందువలననే సహాయం దక్కుతున్నది గనుక ఇది మెచ్చదగిన విధానం. అయితే ధూళి లేపిన యజమాని జేబు నుండి ఏమి వసూలవుతున్నదన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

యజమాని పేరు రుజువు చేయలేకపోవడం ఎందుకు జరుగుతున్నది? పాలమూరు కూలీ ఒకరి సంగతి ఊహించండి. మేస్త్రీ మాటపై క్వారీకి పోయాడు. అక్కడినుండి మరొక కంట్రాక్టరు క్రింద క్రషరుకు మారాడు. వేతనం చేతికి నగదుగా వచ్చింది. హాజరు పట్టీలో అతని పేరు ఉన్నదో లేదో అతడెరుగడు. పది పన్నెండేండ్ల తరువాత దగ్గు మొదలవుతుంది, ఎందుకంటే సిలికోసిస్ సాధారణంగా అంతటి కాలం తీసుకొంటుంది. అప్పటికి కంట్రాక్టరు లైసెన్సు ముగిసింది, క్రషరు చేతులు మారింది, మేస్త్రీ ఊరిలో లేడు. "నీవు అక్కడ పనిచేసినట్లు ఆధారమేది?" అని అడిగితే అతడు తన ఛాతీని తప్ప దేనిని చూపగలడు?

ఈ పరిస్థితిని మూడు దశాబ్దాల క్రితమే సుప్రీంకోర్టు గుర్తించింది. ఆస్‌బెస్టాస్ కార్మికుల విషయంలో 1995 జనవరిలో ఇచ్చిన తీర్పులో, కార్మికుని ఆరోగ్యం, వైద్యం ప్రాథమిక హక్కులలో భాగమని చెబుతూ, ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటినుండి కనీసం 40 సంవత్సరాలు, లేదా ఉద్యోగం వదలిన తరువాత 15 సంవత్సరాలు, ఏది ఎక్కువ కాలమైతే అంతవరకు భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించింది. ఈ తీర్పు ప్రతి యూనియన్ కార్యాలయపు గోడపై ఉండదగినది. మన చర్చల డిమాండ్ల పత్రాలలో కరువుభత్యం ఉంటుంది, బోనసు ఉంటుంది. ఆరోగ్య రికార్డు నకలు ప్రతి కార్మికునికీ ఇవ్వాలన్న డిమాండు ఎన్నింటిలో ఉన్నది?

ఒడంబడికలో వ్రాయించుకొన్న ఒక్క వాక్యం ఎంత పనిచేయగలదో ఇటీవలి ఒక ఉదంతం చూపింది. తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవరుకు వర్ణాంధత్వం ఉన్నదని వైద్య పరీక్షలో తేలగా ఉద్యోగం నుండి పదవీ విరమణ చేయించారు. వర్ణాంధత్వం వైకల్య చట్టం పట్టికలో లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1979లో యూనియన్‌తో కుదిరిన ఒడంబడికలో అటువంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలన్న షరతు ఉన్నది. ఆ షరతును ప్రధానంగా ఎత్తిచూపుతూ, సమాన వేతనంగల వేరు పని ఇవ్వాలని 2025 ఆగస్టులో కోర్టు ఆదేశించింది. దాదాపు యాబది ఏండ్ల క్రితం చర్చల బల్ల వద్ద కూర్చున్నవారిలో కొందరు నేడు లేరు; వారు వ్రాయించిన మాట నిలిచింది. బొగ్గు గనులలో శాశ్వతంగా అశక్తుడైన కార్మికుని కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే షరతు కూడా జాతీయ వేతన ఒడంబడికల ద్వారా వచ్చినదే. ప్రభుత్వ సంస్థలలో సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 చట్టం 20వ సెక్షను శాసిస్తున్నది. ప్రైవేటు ఫ్యాక్టరీ కార్మికునికి ఆ రక్షణ లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమైతే, ఎడతెగని అనారోగ్యం కారణంగా తొలగించడాన్ని రిట్రెంచిమెంటుగా లెక్కించరాదని దశాబ్దాలపాటు నిర్వచించింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో కొత్త స్మృతి వచ్చింది. జబ్బుపడిన మనిషిని ఒక సంతకంతో వదిలించుకొనే అలవాటు మాత్రం యాజమాన్యాలకు పోలేదు. చట్టం చేయని పనిని ఒడంబడికలో చేయించవచ్చు. దీర్ఘవ్యాధి కలిగిన కార్మికునికి తేలిక పని, డయాలిసిస్ దినాలకు వేతనంతో కూడిన సెలవు, పని వేళల మార్పు అనే మూడు షరతులు ఇకపై కుదిరే ప్రతి ఒడంబడికలో ఉండాలని మేము కోరుతున్నాము.

నకిలీ ధ్రువపత్రాల మాట ఎత్తకుండా ఈ విషయం ముగించడం నిజాయితీ కాదు. నకిలీలు ఉన్నవి. డబ్బిచ్చి శాతం పెంచుకొన్నవారు ఉన్నారు. నిజమైన రోగి స్థానాన్ని వారు ఆక్రమిస్తున్నారు గనుక వారిపై మనకు సానుభూతి లేదు. కాని నకిలీలను ఏరివేసే పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన పునఃపరీక్షల అనుభవం చూడండి. నోటీసులు పెద్దసంఖ్యలో వెళ్ళినవి. నడవలేనివారు మళ్ళీ ఆటోలు కట్టించుకొని ఆసుపత్రులకు వచ్చారు. గతంలో ప్రభుత్వ డాక్టర్లే సంతకం చేసిన శాతాలు తగ్గినవి. నిరసనల మీదట అప్పీలుకు అవకాశం ఇచ్చారు. దొంగ సంతకం చేసిన డాక్టరును పట్టుకోవడానికి మంచాన ఉన్న రోగిని మోయించనక్కరలేదు. తిరిగి పరీక్షించవలసివస్తే పాత రికార్డును ముందుగా చూసి, అనుమానమున్న కేసులనే పిలిచి, కదలలేనివారి ఇంటికి డాక్టరే పోయి, తుది నిర్ణయం వరకు పింఛను ఆపకుండా ఉండాలి. మానని వ్యాధి ఉన్న మనిషిని నీకు మానలేదని మళ్ళీ మళ్ళీ రుజువు చేయమనడం పాలన అనిపించుకోదు.

కేంద్ర ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి స్పష్టమే. దీర్ఘకాలిక మూత్రపిండ, శ్వాసకోశ, హృదయ వ్యాధులను, సిలికోసిస్‌ను నోటిఫికేషను ద్వారా వైకల్యాల పట్టికలో చేర్చాలి. వచ్చిపోయే వ్యాధులకు ఒక్కరోజు పరీక్షపై గాక ఏడాది వైద్య రికార్డుపై శాతం నిర్ణయించాలి. వైద్య బోర్డులలో వృత్తి వ్యాధులు తెలిసిన డాక్టరు ఉండాలి. ఉద్యోగ గాయాల ప్రయోజనాలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో చేసిన 121వ ఒప్పందాన్ని భారతదేశం ఇంతవరకు ధ్రువీకరించలేదు, ధ్రువీకరించాలి.

ఈ డిమాండ్లు నెరవేరే లోగా శాఖలు చేయవలసిన పని చేతిలోనే ఉన్నది. సభ్యత్వ రశీదు పుస్తకం ప్రక్కన మరొక పుస్తకం తెరవండి. ధూళి, రసాయనాలు, వేడి, సీసం ఉన్న ప్రతి విభాగంలో ఎవరు ఎప్పటినుండి ఏ పని చేస్తున్నారో, ఏ కంట్రాక్టరు క్రింద చేస్తున్నారో వ్రాసి, తోటి కార్మికులు ఇద్దరిచేత సంతకం చేయించండి. గుర్తింపు కార్డు, జీతపు చీటీ, ఇ.ఎస్.ఐ. నంబరు, భవిష్యనిధి నంబరు నకళ్ళు శాఖ వద్ద ఒక ప్రతి ఉంచండి. జబ్బుపడిన సభ్యుడు ఆసుపత్రికి పోయినప్పుడు చీటీపై అతని వృత్తిని వ్రాయించండి. ఎక్స్‌రే ఫిల్ములను, పరీక్షల కాగితాలను పారవేయనివ్వకండి. నాగా పెట్టిన రోజులను, ఆసుపత్రిలో చేరిన రోజులను తేదీలతో గుర్తువేసుకొనేందుకు ఇంటి క్యాలెండరు చాలును. చదువురాని సభ్యునికి ఇంటిలోని పిల్లలు ఆ పని చేయగలరు. దరఖాస్తు ఇచ్చిన రోజున రశీదు లేకుండా కౌంటరు వదలవద్దు. తిరస్కరణ వస్తే నోటిమాటగా గాక కారణాలతో వ్రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అప్పీలు గడువు ఆ కాగితం తేదీనుండి నడుస్తుంది. గడువు దాటిన కేసుకు ఎంతటి న్యాయవాది అయినా చేయగలిగినది స్వల్పం.

బోర్డు తేదీనాడు సభ్యుని ఒంటరిగా పంపవద్దు. అతనితోపాటు పనిచేసిన ఒక కార్మికుడు, అతని చెడ్డ రోజులను కళ్ళారా చూసిన ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలి. రోగి 'పర్వాలేదు' అన్నచోట వారు నోరు విప్పాలి. ఆ విధంగా వెళ్ళిన కార్మికుడు కోల్పోయిన దినవేతనాన్ని, ముగ్గురి బస్సు చార్జీలను శాఖ నిధినుండి చెల్లించి, ఖర్చును వార్షిక లెక్కలలో విడిపద్దుగా చూపాలి.